నిజాం రాష్ట్ర తపాలా బిళ్లలు: పాత దస్త్రాల్లో మిగిలిన చరిత్ర

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు సంస్థానం తన తొలి తపాలా బిళ్లను 1869 సెప్టెంబరు 8వ తేదీన విడుదల చేసింది. ఒక అణా విలువ గల ఆ ఆలివ్ పచ్చ రంగు బిళ్ల లండన్ నగరంలోని నిస్సెన్ అండ్ పార్కర్ సంస్థలో తయారైంది. నాటి నుంచి 1950 మార్చి 31వ తేదీ వరకు, అనగా 80 సంవత్సరాలకు పైబడి, బ్రిటిష్ ఇండియా తపాలా వ్యవస్థకు సమాంతరంగా నిజాం ప్రభుత్వం తన సొంత తపాలా శాఖను నడిపింది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత తపాలా బిళ్లలు వాటి స్థానాన్ని పొందాయి.

2025 మార్చి 31వ తేదీతో నిజాం తపాలా కాలానికి చెందిన చివరి కవరుకు సైతం 75 సంవత్సరాలు నిండాయి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక విలువ గల రాతప్రతులు, రికార్డులు, పత్రాలు 75 సంవత్సరాలు దాటితే పురావస్తు పరిధిలోకి రాగలవు. బిళ్లలు ఆల్బముల్లో భద్రంగానే ఉంటాయి. వాటిని అంటించుకొని ప్రయాణించిన కవర్లలో మాత్రం కొన్ని నేటికీ ప్రభుత్వ కార్యాలయాల రికార్డు గదుల్లో, ఏ ఫైలు నడుమనో నలిగి ఉన్నాయి. కావున ఈ బిళ్లల వెనుక గల చరిత్రను, వాటి విషయంలో పాటించవలసిన జాగ్రత్తలను పాత్రికేయ మిత్రుల, అధికారుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాము.

తపాలు, అంచె, డాకు

ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రతి ఉదయం అధికారి ముందుకు వచ్చే కాగితాల కట్టను "తపాలు" అనడం పరిపాటి. అందులో చేతికిచ్చిన అర్జీ ఉన్నా, కొరియరులో వచ్చిన కవరు ఉన్నా అదంతా తపాలే. మరాఠీ ప్రాంతం మొదలు దక్షిణాది అంతటా ఈ పదం వ్యాప్తిలో ఉంది. ఉత్తరాదిలో "డాకు" అన్నారు. కన్నడంలో ఉత్తరాల బట్వాడాకు నేటికీ "అంచె" అనే పేరు. మైసూరు సంస్థానపు అంచె వ్యవస్థకు 17వ శతాబ్దిలో చిక్కదేవరాయ ఒడెయరు పాలనలో పునాది పడింది. మనం "అంచెలంచెలుగా" అన్నప్పుడు ధ్వనించేది కూడా ఆ పాత ఏర్పాటే: ఒక మనిషి కొంత దూరం మోసి, మరొకరికి అందించి, ఆగిపోవడం.

14వ శతాబ్దిలో ఢిల్లీ సుల్తానుల రాజ్యాన్ని సందర్శించిన ఇబన్ బతూతా ఈ పద్ధతిని వర్ణించాడు. గుర్రపు తపాలా ఒకటి, కాలినడక తపాలా ఒకటి ఉండేవని, ప్రతి క్రోశానికి మూడు మజిలీలుండేవని, పరుగుమనిషి గజ్జెలు కట్టిన కర్రను చేతబట్టి వచ్చేవాడని, ఆ సవ్వడి వినగానే తరువాతి మజిలీలోని వాడు సిద్ధమయ్యేవాడని అతడు రాశాడు. గుర్రం కంటే మనిషే వేగంగా చేరేవాడని అతడు చెప్పిన మాట నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. గుర్రం అలసేవరకు పరుగెడుతుంది. మనిషి అలసేలోగా మరొకడు వచ్చి అందుకుంటాడు.

ఈ వ్యవస్థలన్నీ రాచకార్యాలకు ఏర్పడినవే. ప్రజల ఉత్తరాలకు రుసుము నిర్ణయించి తపాలాను అందరికీ తెరిచిన ఘనత వారన్ హేస్టింగ్స్‌ది. 1774లో కలకత్తాలో ఆ ఏర్పాటు జరిగింది. ప్రతి వంద మైళ్లకు 2 అణాల లెక్కన రుసుము వసూలు చేసి, అందుకు రాగి బిళ్లలను వాడారు. మద్రాసు జనరల్ పోస్టాఫీసు 1786లో ప్రారంభమైంది. కోస్తా, రాయలసీమ జిల్లాల తపాలా చరిత్ర ఆ మద్రాసు చరిత్రలో అంతర్భాగమే.

1837 చట్టంతో ఉత్తరాల రవాణా కంపెనీ ప్రభుత్వపు గుత్తాధికారమైంది. అయితే రుసుము దూరాన్ని బట్టి ఉండేది. కలకత్తా నుంచి బొంబాయికి ఒక తులం బరువు ఉత్తరానికి ఒక రూపాయి! 1854 చట్టం ఈ భారాన్ని తొలగించింది. దేశంలో ఏ మూలకైనా పావు తులం ఉత్తరానికి అర్ధణా, అర తులానికి అణా అని నిర్ణయించి, 1854 అక్టోబరు 1 నుంచి దేశమంతటా చెల్లే బిళ్లలను అమ్మకానికి ఉంచారు. అంతకు పూర్వమే, 1852 జులై 1న, సింధు రాష్ట్రంలో కమిషనర్ బార్టిల్ ఫ్రెయిర్ "సింద్ డాక్" పేరిట అర్ధణా బిళ్లను ప్రవేశపెట్టాడు. "భారతదేశపు తొలి తపాలా బిళ్ల" అని రాసేటప్పుడు ఈ తేడాను గమనించాలి. 1852 నాటిది ఒక ప్రాంతానికి పరిమితం, 1854 నాటివి దేశవ్యాప్తం. పత్రికల్లో ఈ రెండు తేదీలు తరచు ఒకదాని స్థానంలో మరొకటి కనిపిస్తుంటాయి.

సంస్థానపు సొంత తపాలా

1853 నుంచి 1883 వరకు హైదరాబాదు దివానుగా వ్యవహరించిన మొదటి సాలార్‌జంగు, రెవెన్యూ మొదలుకొని న్యాయపాలన వరకు అనేక శాఖలను పునర్వ్యవస్థీకరించిన సంగతి విదితమే. తపాలా బిళ్లల ప్రవేశం ఆ సంస్కరణల కాలానికి చెందినదే. 1869 ఫిబ్రవరిలో ఐదవ నిజాం మరణించగా, పసివాడైన మీర్ మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కాడు. రాజ్యభారం ప్రతినిధుల చేతుల్లో ఉంది. వారిలో సాలార్‌జంగు ముఖ్యుడు. అదే సంవత్సరం సెప్టెంబరులో అణా బిళ్ల వెలువడింది. మరుసటి సంవత్సరం అర్ధణా, రెండణాల బిళ్లలు వచ్చాయి.

బ్రిటిష్ ఇండియాలో సంస్థానాల తపాలా రెండు విధాలుగా ఉండేది. పటియాలా, గ్వాలియరు, జింద్, నాభా, చంబా, ఫరీద్‌కోట సంస్థానాలు బ్రిటిష్ ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకొని, భారత బిళ్లల మీదనే తమ పేరు అచ్చొత్తించుకొని వాడాయి. అవి దేశమంతటా చెల్లేవి. హైదరాబాదు ఆ కోవకు చెందదు. బిళ్ల తనది, కచేరీ తనది, ఉద్యోగి తనవాడు. అయితే ఆ బిళ్ల సంస్థానపు సరిహద్దు దాటితే చెల్లదు. వెలుపలికి రాసే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ల కావలసి వచ్చేది. సికింద్రాబాదు కంటోన్మెంటులోను, రెసిడెన్సీ ప్రాంతంలోను బ్రిటిష్ తపాలా కచేరీలు వేరుగా పనిచేసేవి. బెజవాడ నుంచి సంస్థానంలోని ఒక మారుమూల గ్రామానికి ఉత్తరం రాస్తే, అక్కడ బ్రిటిష్ కచేరీ లేని పక్షంలో ఆ ఉత్తరం ఒక శాఖ చేతి నుంచి మరో శాఖ చేతికి మారవలసి వచ్చేది. రెండు ప్రభుత్వాల ముద్రలు కలిగిన అటువంటి కవరు నేడు పరిశోధకునికి ఎంతో విలువైన ఆధారం.

నాణెమూ వేరే. సంస్థానంలో హాలీ సిక్కా, తరువాత ఉస్మానియా సిక్కా చెలామణిలో ఉండేవి. 7 ఉస్మానియా రూపాయలు 6 భారత రూపాయలకు సమానం. కాబట్టి నిజాం బిళ్ల మీద "ఒక అణా" అని ఉన్నంత మాత్రాన దానిని బ్రిటిష్ అణాతో సమానంగా లెక్కించరాదు. ధరలను పోల్చే వ్యాసాల్లో ఈ పొరపాటు దొర్లుతూ ఉంటుంది.

1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం ఏర్పడింది. 1889 నాటికి కాజీపేట మీదుగా బెజవాడ వరకు రైలు నడిచింది. తపాలా సంచి రైలెక్కింది. అయినా స్టేషనుకు దూరంగా ఉన్న తాలూకాలకు ఆ సంచిని చేర్చే పని హర్కారాదే.

బిళ్ల మీద తెలుగు

1871లో వెలువడిన వరుస ఈ చరిత్రలో కీలకమైనది. లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్ సంస్థ చెక్కిన ఈ బిళ్లలు అర్ధణా మొదలు పన్నెండణాల వరకు పలు విలువల్లో వచ్చి, 20వ శతాబ్ది తొలి సంవత్సరాల వరకు వాడుకలో నిలిచాయి. వీటి మీద పారశీక లిపితో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ రాతలు కనిపిస్తాయి.

నాడు సంస్థానంలో పరిపాలన పారశీక భాషలో సాగుతూ ఉండేది. 1880 దశకంలో ఉర్దూ ఆ స్థానాన్ని ఆక్రమించింది. కచేరీలో తెలుగుకు, మరాఠీకి దక్కిన స్థానం స్వల్పం. అటువంటి రోజుల్లో, ప్రభుత్వం జారీ చేసిన చెల్లుబాటు కాగితం మీద తెలుగు లిపి అచ్చయింది. ఇది భాషాభిమానంతో చేసిన పని అని చెప్పడానికి ఆధారం లేదు. బిళ్ల కొనే రైతుకు, కోమటికి, కరణానికి దాని వెల తెలియాలి. లేకపోతే కచేరీ మెట్ల మీద వాదులాట తప్పదు. అవసరం వల్లనే అయినా ఆ లిపి అక్కడ నిలిచింది. ఒక అంగుళానికి మించని ఆ కాగితం ముక్క సంస్థానం బహుభాషా రాజ్యమని ప్రభుత్వమే ఒప్పుకున్న పత్రం.

స్వతంత్ర భారతపు బిళ్లలు సాధారణంగా హిందీ, ఇంగ్లీషు భాషల్లోనే ఉంటాయి. తెలుగువారికి సంబంధించిన విషయాలపై బిళ్లలు వెలువడకపోలేదు. త్యాగరాజ స్వామిపై 1961లో, సరోజినీ నాయుడుపై 1964లో, వేమనపైనా టంగుటూరి ప్రకాశం పంతులుపైనా 1972లో, కందుకూరి వీరేశలింగంపై 1974లో, అల్లూరి సీతారామరాజుపై 1986లో, పొట్టి శ్రీరాములుపై 2000లో, పింగళి వెంకయ్యపై 2009లో బిళ్లలు వచ్చాయి. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగానూ ఒక బిళ్ల విడుదలైంది. ఇవన్నీ స్మారక బిళ్లలు. నిత్యం ఉత్తరం మీద అంటించే మామూలు బిళ్లపై తెలుగు కనిపించిన ఘట్టం మాత్రం నిజాం కాలానిదే.

1905 నుంచి వచ్చిన వరుసలో నిజాం ముద్రిక ప్రధానాంశంగా ఉంటుంది. దానిని చెక్కినవాడు లండన్‌కు చెందిన వ్యోన్. 1915 నుంచి కొన్ని బిళ్లల మీద తపాలాకు, రసీదుకు కూడా చెల్లుతుందనే రాత కనిపిస్తుంది. ఒకే బిళ్లను ఉత్తరానికి అంటించవచ్చు, పైకం ముట్టినట్లు ఇచ్చే రసీదుపైనా అంటించవచ్చు. అందువల్ల పాత రసీదుపై కనిపించే బిళ్ల తపాలా బిళ్ల కాదని తోసిపుచ్చడం సరికాదు. తెలుగులో "స్టాంపు" అనే ఒకే మాట తపాలాకు, రిజిస్ట్రేషన్ కాగితానికి, రసీదు బిళ్లకు వర్తించడం కొందరికి గందరగోళంగా తోచవచ్చు గాని, నిజాం తపాలా శాఖ ఆ గందరగోళాన్ని ఒక బిళ్లలోనే ఇమిడ్చింది.

కట్టడాల వరుస

మరో విశేషం గమనార్హం. నిజాం రాష్ట్రపు ఏ తపాలా బిళ్ల మీదా నిజాం ముఖచిత్రం లేదు. తిరువాన్కూరు, కొచ్చిన్ వంటి సంస్థానాలు తమ రాజుల బొమ్మలు వేసుకున్నాయి. బ్రిటిష్ ఇండియా బిళ్లలపై రాణి, రాజుల శిరస్సులే ఉన్నాయి. హైదరాబాదు తొలుత అక్షరాలతో, పిదప ముద్రికతో, అటుపై కట్టడాలతో సరిపెట్టుకొంది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1931లో వచ్చిన చిత్రాల వరుస అందుకు మంచి ఉదాహరణ. అణా బిళ్లపై చార్మినారు, రెండణాలపై హైకోర్టు, నాలుగణాలపై ఉస్మాన్‌సాగరు జలాశయం, ఎనిమిదణాలపై అజంతా గుహల ప్రవేశం, పన్నెండణాలపై బీదరులోని పాత విద్యాలయం, రూపాయి బిళ్లపై దౌలతాబాదులోని విజయస్తంభం. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మించిన జలాశయానికి, నదీ తీరాన వెలసిన హైకోర్టుకు చార్మినారు సరసన చోటు దక్కింది. ఆధునిక నగరాన్ని నిర్మిస్తున్నామన్న సందేశం అందులో స్పష్టం. అజంతా ప్రస్తావనకూ కారణం లేకపోలేదు. గులాం యజ్దానీ సారథ్యంలో సంస్థానపు పురావస్తు శాఖ ఆ కుడ్యచిత్రాల సంరక్షణకు 1920 దశకంలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. అజంతా, దౌలతాబాదులు మరాఠ్వాడాతో పాటు నాటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లి నేడు మహారాష్ట్రలో ఉన్నాయి. బీదరు కర్ణాటకకు చెందింది. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు ఇక్కడ మిగిలాయి. 1931 వరుసలోని ఈ ఆరు బిళ్లలను ఒక కాగితంపై పరిస్తే, నేడు మూడు రాష్ట్రాలుగా ఉన్న సంస్థానపు పటం కళ్ల ముందు నిలుస్తుంది. పాఠశాల ఉపాధ్యాయునికి ఇంతకంటే సులభమైన బోధనోపకరణం దొరకడం కష్టం.

1937లో ఏడవ నిజాం పాలన రజతోత్సవాలకు నాలుగు బిళ్లలు వచ్చాయి. వాటిపై యునానీ ఆసుపత్రి, ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు చిత్రాలున్నాయి. 1945లో యుద్ధ విజయానికి గుర్తుగా, ఇంటికి తిరిగి వస్తున్న సైనికుని బొమ్మతో ఒక బిళ్ల వచ్చింది. 1947 ఫిబ్రవరిలో సంస్కరించిన శాసనసభ పేరిట టౌన్‌హాలు బొమ్మతో అణా బిళ్ల వెలువడింది. పబ్లిక్ గార్డెన్సును ఆనుకొని ఉన్న ఆ టౌన్‌హాలే తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు నెలవైంది.

అదే 1947లో మొదలైన మరో చిన్న వరుసలో విద్యుత్ కేంద్రం, గోల్కొండ కోట, వరంగల్లు కోటలోని కాకతీయ తోరణం చోటు చేసుకొన్నాయి. మూడణాల బిళ్లపై ఉన్న ఆ తోరణం, 1931 అణా బిళ్లపై ఉన్న చార్మినారు, ఈ రెండింటినీ 2014లో ఆవిర్భవించిన తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో పొందుపరిచింది. రాష్ట్ర చిహ్నాన్ని గురించి రాసే పాత్రికేయులకు ఈ పూర్వరంగం ఉపయోగపడగలదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. అయినా నిజాం పేరిట ఉన్న బిళ్లలు ఒక్కసారిగా మాయం కాలేదు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత కూడా మరో రెండు నెలలు వాటితోనే ఉత్తరాలు నడిచాయి. గణతంత్ర భారతంలో నిజాం బిళ్లతో ప్రయాణించిన కవర్లు 1950 జనవరి 26, మార్చి 31 తేదీల మధ్యవి మాత్రమే. పాత ఫైళ్లు చూసేవారు ఈ రెండు తేదీలను గుర్తుంచుకుంటే మేలు.

"సర్కారీ" కవర్లు

ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాల కోసం 1873 నుంచి నిజాం బిళ్లలపై "సర్కారీ" అని ఉర్దూలో అదనపు ముద్ర వేసి వాడారు. బ్రిటిష్ ఇండియాలో "సర్వీస్" అనే ముద్రకు ఇది సమానం. రికార్డు గదుల్లో దొరికేవి సహజంగా ఈ కోవకు చెందినవే.

తపాలా బిళ్ల ఒక్కటే చెప్పగలిగేది తక్కువ. అది ఏ సంవత్సరంలో, ఎక్కడ అచ్చయిందో చెబుతుంది. కవరు చెప్పేది ఎక్కువ. పంపిన కచేరీ ముద్ర, చేరిన కచేరీ ముద్ర, రెండింటి తేదీలు, మార్గమధ్యంలో పడిన ముద్రలు, తగిన బిళ్ల లేనప్పుడు వసూలు చేసిన జరిమానా గుర్తు, చిరునామాలో ఊరి పేరు రాసిన తీరు, ఇవన్నీ కలిసి ఒక తాలూకాలో నాడు తపాలా కచేరీ ఉన్నదా, ఉత్తరం ఎన్ని రోజుల్లో చేరేది, రైలు వచ్చాక ఎంత మారింది అనే ప్రశ్నలకు సమాధానమిస్తాయి. గ్రామనామాల పరిశోధకునికి, జిల్లా చరిత్రకారునికి ఇది ప్రథమ శ్రేణి ఆధారం. ముద్రలు ఎక్కువగా ఉర్దూ లిపిలో ఉన్నందున, చదవగలిగినవారు తగ్గిపోతున్న కొద్దీ వాటిని పనికిరాని మరకలుగా భావించే ప్రమాదం పెరుగుతోంది. లోపలి కాగితాలపై ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలిపి స్థూలంగా క్రీస్తు శకం తెలుసుకోవచ్చు. 1346 ఫసలీ అంటే 1936-37 అన్నమాట.

కార్యాలయం మారినప్పుడల్లా పాత కట్టలు విప్పుతారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరాయి. మండలాలు, డివిజన్లు మారిన ప్రతిచోటా ఫైళ్ల పంపకం అనివార్యమైంది. ఆదేశాల ప్రతులను, భూమి కాగితాలను భద్రపరచాలని ప్రతి గుమాస్తాకు తెలుసు. ఖాళీ కవరును దాచాలని ఎవరూ చెప్పరు. అందువల్ల ఫైలు నిలిచినా కవరు పోతుంది. కవరు నిలిచినా బిళ్ల ఎవరో చించుకొన్న చతురస్రపు రంధ్రం కనిపిస్తుంది. ఆ చించినవారికి దక్కినది అంగడిలో అతి తక్కువకు దొరికే బిళ్ల. పోయినది మాత్రం మరో ప్రతి లేని ఆధారం.

వెల గురించిన అపోహలు

"పాత స్టాంపుకు కోట్లు" అనే శీర్షికతో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. పాతది కావడమే వెలకు కారణం కాదు. 1871 వరుసలోని అర్ధణా బిళ్ల 150 సంవత్సరాలు దాటినది. అయితే అది దశాబ్దాల తరబడి విస్తారంగా అచ్చయినందున నేటికీ సేకర్తలకు సులభంగా, స్వల్ప వెలకే లభిస్తుంది. ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఏ ముద్రతో ఏ కవరుపై ఉన్నాయి అన్నవి వెలను నిర్ణయిస్తాయి. 1854 నాటి భారత నాలుగణాల బిళ్లలో రాణి శిరస్సు తలకిందులుగా అచ్చయినవి ప్రపంచ ప్రసిద్ధి పొందడానికి కారణం ఆ ముద్రణ దోషం, అవి అతి కొద్దిగా మిగలడం. 1948 ఆగస్టు 15న స్విట్జర్లాండులో అచ్చయి వెలువడిన గాంధీజీ బిళ్లల్లో, గవర్నర్ జనరల్ వాడకానికి "సర్వీస్" ముద్ర వేసినవి ఒక్కొక్క విలువలో 100 మాత్రమే. వాటి ఖ్యాతికి ఆ సంఖ్యయే కారణం.

అదనపు ముద్ర ఉన్న బిళ్లల విషయంలో నకిలీల బెడద అన్నిచోట్లా ఉన్నదే. సాధారణ బిళ్లపై దొంగ ముద్ర కొట్టడం కొత్తది తయారు చేయడం కంటే తేలిక. కావున నిపుణుల పరీక్ష జరగనిదే ఏ బిళ్లకూ వెల ప్రకటించకుండుట వార్తా రచయితలకు శ్రేయస్కరం.

కార్యాలయాలు పాటించదగినవి

పాత ఫైళ్లను వేరు చేసే సమయంలో 1950 ఏప్రిల్‌కు పూర్వపు కవరు కనిపిస్తే దానిని ఫైలు నుంచి విడదీయరాదు. విడదీయక తప్పకపోతే ఫైలు సంఖ్యను పెన్సిలుతో, కవరు వెనుక మూలన చిన్నగా రాయాలి. బాల్‌పాయింటు పెన్ను వాడరాదు. బిళ్లను నీటిలో నానబెట్టి తీయడం బడిపిల్లల అలవాటు. పాత బిళ్లల రంగులు కొన్ని నీటికే కరుగుతాయి, ముద్ర ఎలాగూ చెడుతుంది. చిరిగిన చోట పారదర్శక టేపు అంటించడం మరింత హాని. కొన్నేళ్లకు ఆ టేపు పసుపుబారి కాగితాన్ని తినివేస్తుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి రంధ్రాలు చేస్తాయి గనుక వాటిని మెల్లగా తొలగించాలి. ఆమ్లరహిత కాగితపు సంచిలో, తేమ తగలని చోట, ఎండ పడకుండా ఉంచితే చాలు. అందుకు ప్రత్యేక నిధులు అవసరం లేదు.

అటువంటి రికార్డులను హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచ్య పత్ర భాండాగారానికి, అనగా స్టేట్ ఆర్కైవ్స్‌కు, లేఖ రాసి వారి సలహా మేరకు బదిలీ చేయవచ్చు. దఫ్తరె దివానీ నుంచి సంక్రమించిన నిజాం కాలపు దస్త్రాలకు ఆ సంస్థయే నెలవు. ఉర్దూ, పారశీక లిపులు చదవగల సిబ్బంది సహాయం కూడా అక్కడ లభించే అవకాశముంది.

ప్రైవేటు వ్యక్తుల వద్ద గల సేకరణల విషయం వేరు. వాటిని కలిగి ఉండటంలో, మార్చుకోవడంలో తప్పు లేదు. అయితే పురావస్తు పరిధిలోకి వచ్చే వస్తువును కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇతరులు విదేశాలకు పంపరాదని 1972 చట్టం నిర్దేశిస్తోంది. ఫలానా వస్తువు పురావస్తువు అవునా కాదా అనే ప్రశ్న తలెత్తితే భారత పురావస్తు సర్వేక్షణ డైరెక్టర్ జనరల్ నిర్ణయమే అంతిమం. విదేశాలకు పంపదలచినవారు ముందుగా ఆ శాఖను సంప్రదించడం మంచిది.

కొత్తగా ఈ అభిరుచిని అలవరచుకొనేవారికి హైదరాబాదు అబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ బ్యూరో కలదు. ఢిల్లీలోని డాక్ భవన్‌లో జాతీయ ఫిలాటెలిక్ ప్రదర్శనశాల ఉంది. 6 నుంచి 9 తరగతుల విద్యార్థుల్లో బిళ్లల సేకరణను ప్రోత్సహించడానికి తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ పథకాన్ని ప్రకటించింది. దేశవ్యాప్తంగా 920 మందికి సంవత్సరానికి 6 వేల రూపాయల చొప్పున ఉపకార వేతనం ఇచ్చేందుకు అందులో వీలు కల్పించారు.

1898 నాటి తపాలా చట్టం స్థానే 2023లో ఆమోదించిన కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. టెలిగ్రాము 2013 జులైలోనే నిలిచిపోయింది. కార్యాలయాల్లో ఉత్తర ప్రత్యుత్తరాలు కంప్యూటరు ద్వారా సాగుతున్నందున ఇకపై తయారయ్యే ఫైళ్లలో కవరుకు చోటు దాదాపు ఉండదు. ఉన్నవి పాత కట్టల్లోనివే. అవి కూడా హైదరాబాదు, వరంగల్లు, మహబూబ్‌నగరు కార్యాలయాల్లో మాత్రమే కాక ఔరంగాబాదు, బీదరు, గుల్బర్గా, రాయచూరు వంటి పూర్వపు సంస్థాన జిల్లాల కచేరీల్లోనూ ఉండగలవు. ఒక్కొక్క కవరుపై కనీసం రెండు ఊళ్ల ముద్రలుంటాయి గనుక, ఇక్కడి తాలూకా తపాలా చరిత్రకు సంబంధించిన ఆధారం అక్కడి ఫైలులో, అక్కడిది ఇక్కడి ఫైలులో దొరికే అవకాశం కలదు.